పాటొస్తే టీకి లేచిపోయేటోణ్ని, మొత్తం పాటగా ఉండే సినిమాకు కూర్చుండిపోయినా

బురుజుకాడ (కర్నూలు)

ఈ ఫోరంలో నన్ను ఎరిగినోళ్లకు నా టేస్టు కొత్తగా చెప్పే పనిలే. సుమోలు గాల్లోకి లేయాల, హీరో తొడ కొట్టాల, ఇంటర్వెల్ లోపల ఒక తలన్నా తెగాల. మా సీమ పేరు చెప్పి తీసిన ప్రతి కత్తి సినిమా మొదటిరోజే చూసినోణ్ని. పాట మొదలయితానే బయటికొచ్చి టీ తాగి, ఫైటు టైముకు మల్ల లోపలికి పోయేది. డ్యూయెట్టు అంటే నాకు టీ బ్రేకు, అంతే.

సెలవులకొచ్చిన మా పాప ఒక ఫ్రెంచి సినిమా పెట్టి నన్ను లేవనీకుండా చేసింది. పేరు తెలుగులో చెప్పాలంటే ‘షెర్బూర్ గొడుగులు’. 1964ది. తీసినాయన జాక్ దెమీ, సంగీతం మిషెల్ లెగ్రాన్. దీంట్లో మాట అనేదే లేదు. మొదటి నుంచి కడ దాకా ప్రతి ముక్కా పాడతారు. బండి రెడీ అయిందా, రాత్రికి లేటయితాదా, అప్పు ఎట్ల తీర్చాల, అన్నీ రాగమే. అట్లని హీరో వెనక యాభైమంది ఎగిరే డాన్సులు లేవు.

కథ చిన్నదే. ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున షెర్బూర్ అని ఊరు. గొడుగుల అంగడి పెట్టుకున్న తల్లి, ఆమె కూతురు జెనెవీవ్. గ్యారేజీలో పనిచేసే పిల్లోడు గీ. ఇద్దరికీ ప్రేమ. అంతలో వానికి మిలిటరీ పిలుపొస్తాది, అల్జీరియా యుద్ధానికి, రెండేండ్లు. ఈ పిల్ల కడుపుతో ఉంటాది. రోలాన్ అని నగల వ్యాపారి ఒకాయన చేసుకుంటానని వస్తాడు. ఆ పైన చెప్పను, చూడనోళ్లు ఉంటారు.

మొదట్లో టీకి లేచేదానికి సందు కోసం చూస్తాన్నా. కాసేపటికి ఆ ఆలోచనే లేకపాయ. అయిపోయినాక మా పాప నా మొగం చూసి నవ్వె. నాలాంటోళ్లు ఇంకెవరన్నా ఉన్నారా ఈడ? ఎందుకిట్లయితాదో ఎవరన్నా చెప్తారా?


గ్యారేజి (గుంతకల్లు)

అన్నా, నేను చూసినా ఈ సినిమా. మా తమ్ముడు బెంగుళూరులో ఉన్నప్పుడు బలవంతం పెట్టి చూపించినాడు. నాకు సంగీతం తెలీదు, బండ్లు తెలుసు. సినిమాలో మొట్టమొదట పాడే మాట ఏందో గమనించినావా? కస్టమర్ వచ్చి పనయిందా అంటాడు. అయింది, చల్లగా ఉన్నప్పుడు ఇంజను కొంచెం టకటక అంటాది, అది మామూలే, అంటాడు గీ. నేను రోజూ అనే మాట అది! దాన్ని అంత పెద్ద బ్యాండు పెట్టి పాడుతుంటే నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు రాలేదు.

ఇంకోటి. పని ముగించుకుని గ్యారేజీ పిల్లోళ్లు చేతులు కడుక్కుంటా మాట్లాడుకుంటారు. గీ ఆ రాత్రి ఆపెరాకు, అంటే అంతా పాడే నాటకానికి, పోతున్నాడు. పక్కోడు ఏమంటాడంటే, ఆ ఆపెరా నాకొద్దప్పా, అందరూ పాడుతుంటే నాకు బాధ, నాకు సినిమానే ఇష్టం, అంటాడు. అది గూడా పాడతానే అంటాడు! దెమీ మనలాంటోళ్లను ముందే లెక్కలో పెట్టుకున్నాడు.


వేరుశెనగ (అనంతపురం)

నాకు నచ్చలేదు. చెప్పేస్తే ఒక పనైపోతుంది.

గోడ కాగితాల రంగుకు పిల్ల గౌను రంగు సరిపోతుంది, గొడుగు రంగుకు రిబ్బను సరిపోతుంది. బాగుంది, చీరల అంగడి అద్దాల బీరువా చూసినట్టు. మనుషులు ఏరీ? ఒక దేశం మీద యుద్ధం జరుగుతుంటే ఆ యుద్ధం ఎక్కడా కనపడదు. గీ వెళ్తాడు, కుంటుతూ వస్తాడు. మధ్యలో వాడికి ఏం జరిగిందో మనకు తెలియదు. ఆ రోలాన్‌కు సూటూ మీసమూ తప్ప ఏమీ లేవు. పైగా కింద అక్షరాలు చదువుకుంటూ పాట వినడం నా వల్ల కాదు. చదివితే పాట పోతుంది, వింటే కథ పోతుంది. బురుజన్నకు కూతురు పక్కన కూర్చుంది కాబట్టి నచ్చింది. అల్లుడు పెట్టి ఉంటే లేచిపోయేవాడు.


బురుజుకాడ (కర్నూలు)

అల్లుడు ఇంకా రాలేదప్పా, వచ్చినాక చూద్దాం.


పద్యాలపిచ్చి (ప్రొద్దుటూరు)

ఎందుకిట్లయిందని బురుజుకాడ గారు అడిగారు. నాకు తోచింది చెబుతాను, కొంచెం పొడుగవుతుంది, ఓర్చుకోండి.

మీకు పాటంటే పడదనుకుంటున్నారు గానీ, మీకు పడనిది పాట కోసం కథ ఆగడం. హీరో హీరోయిన్ మాట్లాడుకుంటుంటారు, ఉన్నట్టుండి మంచుకొండల్లో తేలతారు. అయిదు నిమిషాల తర్వాత తిరిగొచ్చి అదే సోఫాలో కూర్చుంటారు. ఆ అయిదు నిమిషాల్లో కథ అంగుళం కదలదు కాబట్టి మీరు టీకి పోయినా నష్టం లేదు. మీ టీ మహా తెలివైన టీ. ఈ ఫ్రెంచి సినిమాలో ఆ వెసులుబాటు లేదు. అప్పు సంగతి పాటలోనే తెలుస్తుంది, కడుపు సంగతి పాటలోనే తెలుస్తుంది.

ఇది మనకు కొత్త కాదు. మన కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచక వధ ఆడారు. వనారస గోవిందరావు గారి బృందం. అంతకుముందు ఆ కుటుంబాలవాళ్లు తోలుబొమ్మలాడించేవాళ్లు. తోలుబొమ్మలాటలో మాట ఎక్కడ ఆగుతుంది, పాట ఎక్కడ మొదలవుతుంది అని గీత గీయగలరా? ధర్మవరం పక్క నిమ్మలకుంటకు పోయి చూడండి, ఇప్పటికీ ఆడుతున్నారు. 1932లో మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చినప్పుడు లీలావతి వేసింది సురభి కమలాబాయి గారే. అంటే మన సినిమా నోరు విప్పిందే రాగంతో. తర్వాతర్వాత మాట వేరు, పాట వేరు చేసుకున్నాం.

మా చిన్నతనంలో ప్రొద్దుటూరులో రాత్రంతా హరిశ్చంద్ర ఆడేవారు. కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజాము. పద్యం చివర రాగం తీస్తుంటే జనం వన్స్ మోర్ అనేవారు. చచ్చిన కొడుకు పక్కన పడి ఉండగా చంద్రమతి పద్యం మళ్లీ మొదటినుంచి! ఎవరికీ ఎబ్బెట్టు అనిపించేది కాదు.


తుంగభద్ర (కర్నూలు)

మాస్టారూ, పోలిక బాగుంది కానీ ఒకచోట విడిపోతుంది. పద్యనాటకంలో నటుడు రాగం తీస్తే కథ ఆగుతుంది, చప్పట్ల కోసం ఆగుతుంది. షెర్బూర్‌లో ఎవరూ ఎక్కడా రాగం సాగదీయరు. గొంతు చూపించుకునే చోటే లేదు. మాట్లాడే వేగానికే పాడతారు. వన్స్ మోర్ అందామన్నా సందు దొరకదు.

ఇంకో సంగతి, చాలామందికి తెలియదు. తెర మీద కనిపించేవాళ్లెవరూ పాడలేదు. జెనెవీవ్‌గా కాతరీన్ దెనూవ్ వేసింది, అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు, అటూ ఇటూగా. గొంతు దానియెల్ లికారిది. తల్లి పాత్రకు పాడింది క్రిస్తియాన్ లెగ్రాన్, సంగీత దర్శకుడి అక్క. గీకి పాడింది జోసె బార్తెల్. మొత్తం సినిమా ముందే రికార్డు చేసి, ఆ టేపు వేసుకుని షూటింగ్ చేశారు. అంటే నటన, కెమెరా కదలిక, తలుపు తీయడం, కప్పు కింద పెట్టడం, అన్నీ ముందే కట్టిన తాళానికి లోబడాలి. చాలాసార్లు చూశాక నాకు ఎక్కువ ఆశ్చర్యం వేసేది ఇదే.

మనకు ప్లేబ్యాక్ కొత్త కాదు కదా. రామారావు గారు మాట్లాడితే ఒక గొంతు, పాడితే ఘంటసాల గొంతు. అదొక చిన్న అతుకు. మన చెవి దాన్ని క్షమించడం నేర్చుకుంది. కమల్ హాసన్ తెలుగు సినిమాల్లో మాటకూ పాటకూ బాలు గారే గొంతిచ్చినప్పుడు ఆ అతుకు పోయింది, వినడానికి ఎంత హాయిగా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. షెర్బూర్‌లో అతుకే లేదు. బురుజన్న టీకి లేవకపోవడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం.

వేరుశెనగ గారికి: యుద్ధం చూపించలేదన్నారు. అల్జీరియా యుద్ధం ముగిసింది 1962లో. దాని మీద గోదార్ అనే ఇంకో ఫ్రెంచి దర్శకుడు 1960లో తీసిన సినిమాను అక్కడి ప్రభుత్వం 1963 దాకా విడుదల కానివ్వలేదు. అలాంటి రోజుల్లో గులాబి రంగు గోడల మధ్య, వయొలిన్ల మధ్య అల్జీరియా పేరు పలికించాడు దెమీ. 1964లో కాన్ సినిమా ఉత్సవంలో దీనికే పెద్ద బహుమతి వచ్చింది. నాకైతే ఆ యుద్ధం కనపడకపోవడమే సరిగ్గా ఉంది. ఊళ్లో ఉండిపోయినవాళ్లకు యుద్ధం అంటే పోస్టు రాకపోవడమే కదా.


వేరుశెనగ (అనంతపురం)

గోదార్ సంగతి ఒప్పుకుంటా. రోలాన్ సంగతి ఒప్పుకోను. అక్షరాల సంగతి అసలే ఒప్పుకోను.


కువైట్‌లో కడపోడు

చూడనోళ్లు ఈడ నుంచి చదవద్దండి, కథ మొత్తం చెప్పేస్తా.

మాది రాయచోటి పక్కన పల్లె. ఈడ హౌస్ డ్రైవర్ని. శుక్రవారం రూములో ఈ చర్చ దారం చదివి, సినిమా వెతికి పెట్టినాము. రూములో అందరం మన పక్కోళ్లమే. సగంమంది పాటలేందిరా సామీ అని పడుకునేసినారు. మిగిలినోళ్లం కడ దాకా చూసినాము. అయిపోయినాక ఎవరూ లైటు వేయలా.

తుంగభద్రక్క పోస్టు గురించి రాసింది చూసి ఇది రాస్తాండా. మా నాయన కువైట్‌కు వచ్చినప్పుడు ఫోన్లు లేవు. ఉత్తరం పోయి జవాబు వచ్చేసరికి రాసిన సంగతి పాతదయిపోయేది. అందుకని టేప్‌రికార్డర్లో మాట్లాడి, ఆ క్యాసెట్టు ఊరికి పోయేటోళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. మా అమ్మ ఆ క్యాసెట్లు వినేటప్పుడు నాయన గొంతు వచ్చేది, మొగం మాత్రం పెండ్లి ఫోటోలోదే గుర్తొచ్చేదంట. ఈ సినిమాలో జెనెవీవ్ అదే మాట అంటాది. గీని తలుచుకుంటే నాకు ఈ ఫోటోనే కనపడతాంది అంటాది. ఆడ రూములో ఒకాయన లేచి బాత్రూముకు పోయినాడు, చాలాసేపు రాలా.

ఆ పిల్ల రోలాన్‌ను చేసుకున్నప్పుడు మా రూములో గలాటా అయింది. రెండేండ్లు ఆగలేదా అని ఒకడు. కడుపుతో ఉన్న పిల్ల ఆ కాలంలో ఎట్ల ఆగుతాదిరా అని ఇంకొకడు. నాకు మాత్రం గీ మీద కోపమొచ్చింది. ఉత్తరాలు ఇంకొన్ని రాసుండాల్సింది. తర్వాత ఆలోచిస్తే, వాడు ఏం రాస్తాడు? మేము మాత్రం ఏం రాస్తాము ఇంటికి? బాగుండాను, ఎండ ఎక్కువగా ఉండాది, డబ్బు పంపినా. అంతే కదా.


గొలుసుకుట్టు (కడప)

మాది బట్టల అంగడి. అందుకే నాకు ఈ సినిమాలో ప్రేమికులకంటే ఆ తల్లి, మదాం ఎమెరీ ఎక్కువ నచ్చింది. ఈ దారంలో ఆమె గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

ఊరంతా వాన పడుతుంది, అయినా గొడుగుల అంగడి అప్పుల్లో ఉంటుంది! కట్టాల్సిన డబ్బు నెత్తి మీదికొస్తే తన ముత్యాల హారం అమ్మడానికి నగల కొట్టుకు పోతుంది. రోలాన్ అక్కడే పరిచయం. కూతురు ఏడుస్తుంటే ఒక మాట అంటుంది: ప్రేమ కోసం చచ్చిపోవడం సినిమాల్లోనే జరుగుతుంది అని. అది కూడా సినిమాలో, పాడుతూ. మా అమ్మ ఆ మాటకు టీవీకేసి వేలు చూపించి ‘కరెక్ట్’ అంది.

మొదట్లో నేను ఒక అనుమానంతో చూశాను. ఈమె గీ ఉత్తరాలు దాచేస్తుంది, చివర్లో బీరువాలో కట్ట దొరుకుతుంది అనుకున్నా. మన సినిమా అయితే ఖాయంగా దొరుకుతుంది. దొరకలేదు. ఆమె ఏమీ దాచలేదు. రోలాన్ మోసగాడు కాదు, కడుపు సంగతి తెలిసే చేసుకుంటాడు. జెనెవీవ్ మోసం చేయలేదు. గీ కూడా చేయలేదు.


బురుజుకాడ (కర్నూలు)

చెల్లెమ్మా, నువ్వు నా నోట్లో మాట లాగినావు. అయిపోయినప్పటి నుంచి ఇదే పీకుతాంది. నాకు సినిమా అంటే విలన్ ఉండాల, వానికి క్లైమాక్సులో శిక్ష పడాల. అప్పుడు మనసు నెమ్మదిస్తాది. ఈడ నేను కత్తి పట్టుకోని ఎవరి మీదికి పోవాల? తల్లి మీదికా, రోలాన్ మీదికా, ఆ పిల్ల మీదికా? మిలిటరీ మీదికి పోదామంటే వాళ్లు తెర మీదికే రారు. అందరూ మంచోళ్లే, అయినా ఇద్దరి బతుకూ పక్కదారి పట్టిపాయ. ఇంత కోపం పెట్టుకోని యాడికి పోవాలో తెలీక కూర్చుండిపోయినా.


పద్యాలపిచ్చి (ప్రొద్దుటూరు)

అందుకే ‘మల్లీశ్వరి’ ఒకసారి దీని పక్కన పెట్టి చూడమంటాను. 1951. తీసిన బి.ఎన్. రెడ్డి గారు మన పులివెందుల వైపువారు. అక్కడా డబ్బు ఆశ ఉన్న తల్లి, అక్కడా సంపాదన కోసం ఊరు విడిచిపోయిన పిల్లవాడు. అతను తిరిగొచ్చేసరికి అమ్మాయి రాణివాసానికి వెళ్లిపోయి ఉంటుంది. సాలూరి రాజేశ్వరరావు గారి సంగీతం, కృష్ణశాస్త్రి గారి పాటలు. పాటలు తీసేస్తే కథ నిలబడదు. బురుజుకాడ గారు దానిలో టీకి లేస్తే నష్టపోతారు. కాకపోతే అక్కడ శ్రీకృష్ణదేవరాయలవారు ఉన్నారు, చివర్లో క్షమించి ఇద్దరినీ కలిపేస్తారు. షెర్బూర్‌కు రాయలవారు లేరు.


గ్యారేజి (గుంతకల్లు)

రాయలవారు లేరు, పెట్రోలు బంకు ఉంది!

కువైటన్న కథ విప్పేసినాడు కాబట్టి నేనూ చెప్తా. గీ తిరిగొస్తాడు, కాలు కుంటు. గొడుగుల అంగడి అమ్ముడుపోయింటాది. కొన్నాళ్లు తాగి పాడవుతాడు. పెంచిన అత్త చచ్చిపోతే ఆ డబ్బుతో పెట్రోలు బంకు పెడతాడు, అత్తకు సేవ చేసిన మదెలీన్‌ను పెండ్లి చేసుకుంటాడు. కడాఖరి సీను 1963 డిసెంబరు, మంచు. కారొకటి వచ్చి బంకులో ఆగుతాది. దాంట్లో జెనెవీవ్, ముందు సీట్లో చిన్నపిల్ల.

అన్నేండ్ల తర్వాత ఇద్దరూ ఎదురుపడితే మన రైటరయితే రెండు పేజీల డైలాగు రాస్తాడు. ఈడ? బంకు పిల్లోడు వచ్చి సూపర్ పోయమంటారా, మామూలుదా అని అడుగుతాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది గూడా అంతంత మాత్రమే. పాపను చూస్తావా అని ఆమె అడిగితే, నువ్వు పోవచ్చు అంటాడు. ఇంజను టకటకనే పాడినోడు కదప్పా దెమీ! గంటన్నర సేపు చిల్లర మాటలన్నీ పాడించి మనకు అలవాటు చేసింది ఈ సీను కోసమే అనుకుంటా. ఆ పెట్రోలు మాట మామూలుగా పలికుంటే మామూలుగానే పోయేది. ఆ పెద్ద ట్యూను కింద పలికేసరికి నాకు గొంతు పట్టేసింది. రోజూ బంకుకు పోతాను నేను, ఏ పొద్దూ అట్ల కాలేదు.


తుంగభద్ర (కర్నూలు)

హాలీవుడ్ సినిమా ‘లా లా ల్యాండ్’ (2016) చూసినవాళ్లకు ఆ చివరి ఎదురుపడటం ఎక్కడిదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. దాని దర్శకుడు దెమీకి ఎంత రుణపడ్డాడో తనే చాలాచోట్ల చెప్పుకున్నాడు.

చూడబోయేవాళ్లకు ఒక మాట. యూట్యూబులో ఎవరో ఎక్కించిన వెలిసిపోయిన కాపీ చూడొద్దు. దెమీ వాడిన ఈస్ట్‌మన్ కలర్ ఫిల్ము నెగెటివ్ ఏళ్లు గడిచేకొద్దీ రంగు పోతుంది. అది తెలిసే ఆయన మూడు రంగులకు విడివిడిగా నలుపు తెలుపు మాస్టర్ కాపీలు తీయించి దాచాడు. ఆయన పోయాక, 1990లలో, భార్య ఆన్యెస్ వర్దా వాటి నుంచే మళ్లీ రంగులు తెప్పించింది. ఆమె కూడా పెద్ద దర్శకురాలు. వేరుశెనగ గారు వెక్కిరించిన గోడ కాగితాలు ఉన్నాయే, వాటి కోసం అంత పని జరిగింది. మొదట్లో ఆ గోడలు మండిపోతుంటాయి. చివరి బంకు దాదాపు తెలుపూ నలుపే. వెలిసిపోయిన కాపీలో ఈ తేడా తెలియదు.


వేరుశెనగ (అనంతపురం)

నేను చూసింది యూట్యూబు కాపీనే. అన్నీ గులాబి రంగులోనే కనిపించాయి, మనుషులతో సహా. సరే, మంచిది దొరికితే అక్షరాలు ఆపేసి మళ్లీ చూస్తా, కథ ఎలాగూ మీరందరూ కలిసి చెప్పేశారు. నచ్చుతుందని మాట ఇవ్వను.

బురుజన్నా, దెమీదే ఇంకోటి ఉందట, ‘రోష్‌ఫోర్ అమ్మాయిలు’, 1967ది. దాంట్లో డాన్సులు కూడా ఉన్నాయట. అది చూసి చెప్పు, అప్పుడు నమ్ముతా నువ్వు మారావని.


బురుజుకాడ (కర్నూలు)

నేను మారినానని ఎవరు చెప్పినారప్పా? వచ్చేవారం కత్తి సినిమాకు టికెట్లు ఇప్పుడే తీసిపెట్టినా. ఈ సినిమా వేరే అరలో ఉంటాది, అంతే. ఆ రోష్‌ఫోర్‌ది గూడా పాప సెలవులు అయిపోకముందే చూస్తా.

కువైట్ తమ్ముడూ, ఆ బాత్రూముకు పోయినాయన ఎట్లున్నాడు?


కువైట్‌లో కడపోడు

బాగుండాడన్నా. పొద్దున్నే ఇంటికి వీడియో కాల్ చేసి ఊరికే మాట్లాడతానే ఉండాడు, డ్యూటీకి లేటయింది.


గొలుసుకుట్టు (కడప)

చివరికి గీ తన కూతుర్ని చూడకపోవడం గురించి మా అమ్మను అడిగాను. ఎందుకు చూడాల, చూస్తే ముగ్గురు ఇండ్లల్లో నిప్పు పెట్టినట్టే, వాడు చేసింది సరైన పని అంది. మరి మదాం ఎమెరీ చేసింది? నగల కొట్టు సంబంధం, కట్నం లేదు, కడుపుతో ఉన్న పిల్లను నెత్తిన పెట్టుకుంటానన్నాడు, ఆ తల్లి కాళ్లు మొక్కాల నువ్వు అంది. నేను జెనెవీవ్ వైపు ఒక గంట వాదించాను, ఒక్క అంగుళం కదల్లేదు. ఇక్కడ ఎవరికైనా ధైర్యముంటే చెప్పండి, ఆదివారం ఫోను స్పీకర్‌లో పెడతాను.